చివరి ఫైలు కాదు, వచ్చిన దారి చూడాలి: పిల్లలకు పరిశోధన నేర్పడంపై ఫోన్-ఇన్ కార్యక్రమం

సమన్వయకర్త: శ్రోతలందరికీ నమస్కారం. ఆరో తరగతి మొదలుకొని ఉన్నత పాఠశాల చదువు ముగిసేవరకు పిల్లలకు పరిశోధన చేయడం ఎలా నేర్పాలన్నది ఈ రోజు మన విషయం. చాలా ఏళ్లు తరగతి గదిలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత పాఠశాల గ్రంథాలయ బాధ్యత చూస్తూ, ఇప్పుడు ఉపాధ్యాయులకు ఈ అంశంపైనే శిక్షణ ఇస్తున్న నిపుణురాలు మన స్టూడియోలో ఉన్నారు. మేడమ్, నమస్కారం. మొదటి కాల్ సిద్ధంగా ఉంది కాబట్టి నేరుగా శ్రోతల దగ్గరికే వెళ్దాం.

నిపుణురాలు: నమస్కారమండీ. అలాగే కానివ్వండి.

శ్రోత (ఉపాధ్యాయిని): నమస్కారం మేడమ్. నేను ఏడో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతాను. నీటి కాలుష్యం మీద ప్రాజెక్టు చేసి తెమ్మని పిల్లలకు రెండు వారాల గడువిచ్చాను. నలభై మందిలో ముప్పై మందికి పైగా ఒకే వెబ్‌సైట్ నుంచి ఒకే పేరాలు ఎత్తి రాసుకొచ్చారు. అట్టల మీద బొమ్మలు మాత్రం వేరువేరుగా ఉన్నాయి. పిల్లలను మందలించాను గానీ, మందలించినందుకు నాకే తృప్తి కలగలేదు. పొరపాటు ఎక్కడ జరిగిందంటారు?

నిపుణురాలు: అమ్మా, మీరు పిల్లలకు విషయం ఇచ్చారు, ప్రశ్న ఇవ్వలేదు. 'నీటి కాలుష్యం' అన్నది ఒక శీర్షిక. శీర్షిక ఇస్తే దాని కింద నింపడానికి సరుకు కోసం పిల్లలు వెతుకుతారు, ఆ సరుకు ఎవరో ముందే పేర్చిపెట్టి ఉంచారు కాబట్టి దాన్నే తెచ్చి మీ ముందు పెడతారు. ఆ పనిలో తెలుసుకోవలసింది ఏదీ లేదు గనుక తెలుసుకోలేదు. దీనిని పిల్లల బద్ధకం అనుకోవడం నాకు న్యాయంగా తోచదు.

మొదటి పీరియడులో వెతుకులాటను పక్కన పెట్టి, ప్రశ్నలు పుట్టించే పని చేయించండి. రైట్ క్వశ్చన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థకు చెందిన డాన్ రోత్‌స్టీన్, లూజ్ సాంటానా ఇందుకోసం ఒక పద్ధతిని రూపొందించారు. ఉపాధ్యాయురాలు ప్రశ్న అడగకుండా ఒక వాక్యాన్ని బోర్డు మీద రాస్తుంది. 'నీళ్లు తేటగా కనిపించినా తాగడానికి పనికిరాకపోవచ్చు' అని రాశారనుకోండి. పిల్లలు చిన్న జట్లుగా కూర్చొని దాని మీద ఎన్ని ప్రశ్నలు తోస్తే అన్నీ అడగాలి, మధ్యలో జవాబులు చెప్పుకోకూడదు, ఏ ప్రశ్ననూ బాగుంది, బాగాలేదు అనకూడదు, అడిగినది అడిగినట్టే కాగితం మీద పెట్టాలి, ఎవరైనా ప్రశ్నకు బదులు అభిప్రాయం చెబితే దాన్ని ప్రశ్నగా మార్చాలి. ఆ తర్వాత అవును, కాదు అన్న జవాబుతో తెగిపోయేవాటిని, వివరణ కోరేవాటిని విడదీసి, మొదటి రకం ప్రశ్నను రెండో రకంగా మార్చడం సాధన చేయించాలి. చివరికి ప్రతి జట్టు మూడు ప్రశ్నలు ఎంచుకొని, అవే ఎందుకు ఎంచుకున్నదో చెప్పాలి. అంతవరకు ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాడు జవాబు తప్పవుతుందన్న భయం లేనందువల్ల నాలుగు ప్రశ్నలు అడగడం నేను ఎన్నోసార్లు చూశాను.

శ్రోత (ఉపాధ్యాయిని): ప్రశ్న దొరికాక కూడా కొందరు మధ్యలో వదిలేసి వేరే విషయం ఇమ్మని అడుగుతారు మేడమ్.

నిపుణురాలు: అడుగుతారు, అది సహజమే. కేరల్ కుల్తౌ అనే గ్రంథాలయ శాస్త్ర ఆచార్యురాలు 1980లలో ఉన్నత పాఠశాల విద్యార్థులను దగ్గరగా గమనించి ఒక సంగతి తేల్చి చెప్పారు. వెతకడం మొదలుపెట్టిన కొత్తలో ఉండే ఉత్సాహం, ఒకదానితో ఒకటి పొసగని సమాచారం ఎదురైనప్పుడు పడిపోతుంది, అయోమయం పెరుగుతుంది, తన దృష్టి దేని మీద నిలపాలో తేలిన తర్వాతనే ధైర్యం మళ్లీ వస్తుంది. అందుచేత మధ్యలో తికమక పడడం పనిలో ఒక దశ అని పిల్లలకు ముందే చెప్పాలి, మీ సాయం కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కువగా అందాలి. మనం సాధారణంగా మొదటి రోజు విషయం చెప్పి, చివరి రోజు ఫైలు తీసుకుంటాం. వాళ్లకు మనం కావలసిన రోజుల్లోనే మనం ఉండం.

సమన్వయకర్త: తర్వాతి కాల్ ఒక విద్యార్థిని నుంచి. చెప్పమ్మా.

శ్రోత (విద్యార్థిని): నమస్కారం మేడమ్. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. 'మొబైల్ ఫోన్ విద్యార్థుల నిద్రను ఎలా పాడుచేస్తుంది' అన్నది నా ప్రాజెక్టు. సర్వే చేద్దామనుకుంటున్నాను. ఎంతమందిని అడగాలి?

నిపుణురాలు: ఎంతమందిని అన్నది తర్వాత చూద్దాం తల్లీ. ముందు నీ ప్రశ్నను ఇంకొకసారి చదువు. అందులో జవాబు ముందే కూర్చొని ఉందా, లేదా?

శ్రోత (విద్యార్థిని): పాడుచేస్తుంది అని... అవును మేడమ్, నేనే ముందుగా చెప్పేశాను.

నిపుణురాలు: అదే. దాన్ని తీసేసి మళ్లీ అడుగు.

శ్రోత (విద్యార్థిని): మొబైల్ ఫోన్‌కు, నిద్రకు సంబంధం ఉందా?

నిపుణురాలు: మెరుగైంది. అయితే ఫోన్ అంటే ఏమిటి? పాఠం వినడమా, ఆటలా, మాట్లాడడమా? నిద్ర అంటే ఎన్ని గంటలు పడుకున్నారనా, ఎన్నింటికి నిద్రపట్టిందనా, పొద్దున లేచేటప్పుడు ఎలా ఉందనా? ఎవరి నిద్ర? కొలవగలిగిన ఒక్కొక్కదాన్ని ఎంచుకో.

శ్రోత (విద్యార్థిని): మా తరగతి వాళ్లు పడుకునే ముందు ఒక గంటలో ఫోన్ చూసిన రోజు, చూడని రోజు నిద్రపట్టే సమయంలో తేడా ఉందా అని అడగవచ్చా?

నిపుణురాలు: ఇది పరిశోధన చేయదగిన ప్రశ్న. ఇప్పుడు సర్వే గురించి. 'ఫోన్ వల్ల మీ నిద్ర చెడిపోతోందా?' అని అడిగితే అందరూ అవునంటారు, ఎందుకంటే ఆ ప్రశ్నే వాళ్ల నోట జవాబు పెడుతోంది. పైగా 'సాధారణంగా ఎన్నింటికి పడుకుంటారు' అంటే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు. అందుకే ఒప్పుకున్నవారికి ఏడు రోజుల చిన్న పట్టిక ఇచ్చి, నిన్న రాత్రి పడుకునే ముందు గంటలో ఫోన్ చూశారా లేదా, సుమారు ఎన్నింటికి నిద్రపట్టింది అన్న రెండు గడులు రోజూ పొద్దున నింపమను. పేరు రాయవద్దని చెప్పు, ఇష్టం లేకపోతే మానేయవచ్చని కూడా చెప్పు. ముందుగా ముగ్గురు స్నేహితుల చేత నింపించి, ఏ మాట అర్థం కాలేదో చూసి సరిదిద్దుకో. ముప్పై మంది ఏడు రోజులు నింపితే రెండు వందల పది రాత్రుల వివరం నీ చేతికి వస్తుంది, పాఠశాల ప్రాజెక్టుకు అది బాగా సరిపోతుంది. అయితే దాన్ని బట్టి నువ్వు చెప్పగలిగింది ఆ ముప్పై మంది గురించే, విద్యార్థులందరి గురించి కాదు.

ఇంకొక్క మాట. ఫోన్ చూసిన రాత్రులలో నిద్ర ఆలస్యమైనట్టు తేలిందనుకో, ఫోన్ వల్లనే ఆలస్యమైందని రాయగలవా?

శ్రోత (విద్యార్థిని): నిద్ర పట్టకపోవడం వల్లనే ఫోన్ తీసి ఉండవచ్చు కదా మేడమ్.

నిపుణురాలు: ఆ వాక్యాన్ని అలాగే నీ నివేదికలో రాయి తల్లీ. మర్నాడు పరీక్ష ఉండడం వంటి మూడో కారణం కూడా ఉండవచ్చు, దాన్నీ పక్కనే చేర్చు. నీ పని ఎక్కడివరకు చెల్లుతుందో నువ్వే గుర్తించి రాసిన ఆ రెండు మూడు వాక్యాలకు, రంగుల పటాలకన్నా ఎక్కువ విలువ ఇచ్చే ఉపాధ్యాయులు నీకు దొరకాలని మనసారా కోరుకుంటున్నాను.

సమన్వయకర్త: తర్వాత ఒక తండ్రి మాట్లాడతారు.

శ్రోత (తండ్రి): నమస్కారమండీ. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ఏది అడిగినా ఫోన్‌లో కొట్టి, మొదట వచ్చినదే నిజమంటాడు. వెబ్‌సైట్ చూడడానికి బాగుందా, అక్షర దోషాలున్నాయా, చిరునామా ఎలా ముగిసింది, ఇవన్నీ చూడమని పాఠశాలలో ఒక పట్టిక ఇచ్చారు. ఆ పట్టిక ప్రకారం మోసపు వెబ్‌సైట్ కూడా పాసైపోతోంది.

నిపుణురాలు: మీరు పట్టుకున్న లోపం అసలైనదండీ. ఒక వెబ్‌సైట్ తన గురించి తాను చెప్పుకున్నదాన్ని ఎంతసేపు చదివినా, అది చెప్పదలచుకున్నదే మనకు తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ 2017లో వెలువరించిన అధ్యయనం దీన్నే చూపించింది. పది మంది చరిత్ర ఆచార్యులు, పది మంది వృత్తిరీత్యా వార్తల నిజానిజాలు సరిచూసేవారు, ఇరవై అయిదు మంది విశ్వవిద్యాలయ విద్యార్థులు అందులో పాల్గొన్నారు. దాదాపు ఒకే రకమైన పేరున్న రెండు శిశువైద్యుల సంఘాల వెబ్‌సైట్లను వాళ్ల ముందుంచారు. ఒకటి 1930లో ఏర్పడిన పెద్ద సంఘం, రెండోది 2002లో దాని నుంచి విడిపోయిన చిన్న వర్గం. విద్యార్థులు, చరిత్రకారులలో కూడా కొందరు, ఆ పేజీలలోనే కిందికీ పైకీ తిరుగుతూ, చిహ్నాన్నీ హంగులనూ చూసి నిర్ణయానికి వచ్చారు. నిజానిజాలు సరిచూసేవారు మాత్రం ఆ పేజీ మీద ఎక్కువసేపు నిలవకుండా, వెంటనే కొత్త ట్యాబ్‌లు తెరిచి, ఆ సంఘం గురించి మిగతా లోకం ఏమంటోందో చూసి వచ్చారు. దీన్నే పక్కచూపు చదువు అనవచ్చు. ఇంట్లో మీరు చేయించవలసింది కూడా అదే. నమ్మే ముందు పేజీ విడిచి బయటికి వెళ్లి, ఇది రాసినవాళ్లు ఎవరని రెండు చోట్ల అడిగి రమ్మనండి.

శ్రోత (తండ్రి): చూసి రమ్మంటే ఎక్కడ చూసినా అదే మాట కనిపిస్తే?

నిపుణురాలు: అప్పుడు మాట పుట్టిన చోటికి వెళ్లాలి. చైనా మహాకుడ్యం చంద్రుడి మీది నుంచి కంటికి కనిపిస్తుందన్న మాట మీరూ విని ఉంటారు. నేను పిల్లలకు ఎక్కువగా ఈ ఉదాహరణే ఇస్తాను. మొదట ఆ మాటను రుజువు చేయమంటాను. పది వెబ్‌సైట్లు తెచ్చిపెడతారు. తర్వాత ఆ మాట ముందుగా ఎప్పుడు అన్నారో వెతకమంటాను. 1932లోనే, వింతల శీర్షికగా పేరు పొందిన 'రిప్లీస్ బిలీవ్ ఇట్ ఆర్ నాట్'లో అది అచ్చయినట్టు తేలుతుంది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టింది 1969లో. మరి 1932లో చూసి చెప్పినవారెవరు అని ఒక పిల్లవాడు అడుగుతాడు, ఆ క్షణం కోసమే నేను ఎదురుచూస్తూ ఉంటాను. ఆ తర్వాత లెక్క వేయిస్తాను. గోడ వెడల్పు ఆరు మీటర్లు అనుకుంటే, 3,84,000 కిలోమీటర్ల దూరం నుంచి దాన్ని చూడడమంటే, ఒక వెంట్రుకను సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరం నుంచి చూడడం వంటిది. చివరగా, 2003లో భూకక్ష్యలోకి వెళ్లి వచ్చిన చైనా వ్యోమగామి యాంగ్ లివే, అంత దగ్గరి నుంచి కూడా తనకు గోడ కనిపించలేదని చెప్పిన సంగతి దొరుకుతుంది. పది చోట్ల ఉన్న మాటకు పది ఆధారాలు ఉండవని, అన్నీ ఒకరిని చూసి ఒకరు రాసినవే కావచ్చునని పిల్లలకు నేను చెప్పనక్కరలేదు, వాళ్లే నాకు చెబుతారు.

శ్రోత (తండ్రి): వికీపీడియా చూడవద్దని ఉపాధ్యాయులు అంటున్నారు. నిజమేనా?

నిపుణురాలు: చూడవద్దనడం నాకు సమ్మతం కాదండీ. విషయం ఎంత మేర ఉందో, దానిలో వాడే మాటలు ఏమిటో తెలుసుకోవడానికి అంతకన్నా సులువైన చోటు లేదు. మొదట అక్కడికి వెళ్లి, వ్యాసం అడుగున ఉన్న మూలాల పట్టీ పట్టుకొని బయటికి రావాలి. అయితే ఒక జాగ్రత్త అవసరం. 2008లో ఒక విద్యార్థి, కోవాటీ అనే అమెరికా ఖండపు జంతువు మీది వ్యాసంలో, దానికి బ్రెజిల్ ఆర్డ్‌వార్క్ అనే పేరు కూడా ఉందని తోచినట్టు చేర్చాడు. కొన్నేళ్లలో ఆ పేరు వార్తాపత్రికల్లోకి ఎక్కింది, ఆ పత్రికలే తిరిగి వికీపీడియాలో ఆధారంగా నిలిచాయి. అందుచేత ఆధారం ఉందా అని మాత్రమే కాకుండా, ఆ ఆధారం తేదీ, వ్యాసంలో ఆ వాక్యం చేరిన తేదీ కూడా చూడడం పెద్ద తరగతుల పిల్లలకు నేర్పాలి. వ్యాసం చరిత్ర అన్న ట్యాబ్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా దొరుకుతుంది.

సమన్వయకర్త: ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు వేచి ఉన్నారు.

శ్రోత (ఉపాధ్యాయుడు): మేడమ్, ఇప్పుడు పిల్లలు వెతకడమే మానేశారు. చాట్‌బాట్‌ను అడిగి, ఆధారాలతో సహా వ్యాసం తెస్తున్నారు. ఆ ఆధారాలలో కొన్ని ఎక్కడా దొరకడం లేదు.

నిపుణురాలు: దొరకవండీ, ఎందుకంటే కొన్ని లేనే లేవు. ఆ యంత్రం ఏ మాట తర్వాత ఏ మాట రావడం సహజంగా ఉంటుందో లెక్క కట్టి వాక్యం అల్లుతుంది. నిజమైన రచయిత పేరు, నిజమైన పత్రిక పేరు తీసుకొని, వాటితో ఎవరూ రాయని వ్యాసం పేరు కలిపినా, ఆ అల్లికలో దానికి ఏ తేడా కనిపించదు. 2023లో న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయస్థానంలో చాట్‌బాట్ కల్పించిన తీర్పులను నిజమని దాఖలు చేసినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. చదువుకున్న పెద్దలే అలా పడిపోయినప్పుడు పిల్లలను దోషులుగా నిలబెట్టడం వల్ల ప్రయోజనం లేదు. నా సలహా ఏమిటంటే, మీరే తరగతిలో చాట్‌బాట్ చేత ఒక పేజీ రాయించి, అందులోని ప్రతి ఆధారాన్నీ వెతికి పట్టుకొనే పనిని జట్లకు పంచండి. దొరికినది, దొరకనిది, దొరికినా ఆ మాట అందులో లేనిది అని మూడు గుంపులు చేయమనండి. ఆ మూడో గుంపు దగ్గరే అసలు పాఠం ఉంది. వెతకడానికి కావలసిన పదాలు సూచించమని, తన ప్రశ్నకు ఎదురు ప్రశ్నలు వేయమని దాన్ని అడగడం మాత్రం నాకు అభ్యంతరంగా కనిపించదు, అడిగిన సంగతి రాసి ఉంచితే చాలు.

సమన్వయకర్త: భాషోపాధ్యాయిని ఒకరు లైన్‌లో ఉన్నారు.

శ్రోత (భాషోపాధ్యాయిని): సొంత మాటల్లో రాయమంటే, పిల్లలు పుస్తకంలోని వాక్యంలో నాలుగు మాటలు మార్చి తెస్తున్నారు మేడమ్. దీన్ని దొంగరాత అనాలా?

నిపుణురాలు: రెబెకా మూర్ హోవర్డ్ అనే ఆచార్యురాలు 1990లలో ఇటువంటి రాతకు అతుకుల రాత అన్న అర్థం వచ్చే పేరు పెట్టి, ఇది ఎక్కువసార్లు మోసం కాదని, చదివినది పూర్తిగా అర్థం కానప్పుడు రాసేవాడు పట్టుకొనే ఊతకర్ర అని వాదించారు. నా అనుభవమూ అంతే. పుస్తకంలో 'ఆకులలోని పత్రహరితం సూర్యకాంతిని గ్రహించి, నీరు, కార్బన్ డయాక్సైడ్‌ల నుంచి పిండిపదార్థం తయారుచేయడానికి తోడ్పడుతుంది' అని ఉందనుకోండి. పిల్లవాడు 'ఆకుల్లో ఉండే పత్రహరితం సూర్యుడి వెలుగును తీసుకొని, నీరు, కార్బన్ డయాక్సైడ్‌లతో పిండిపదార్థం చేయడానికి సాయపడుతుంది' అని రాస్తాడు. ఎముకల గూడు అలాగే ఉంది, చొక్కా మారింది. వాడి చేత పుస్తకం మూయించి, నీ పక్కన కూర్చున్నవాడికి ఇది చెప్పు అనండి. 'గాలి, నీళ్లు రెండూ ఉన్నా ఎండ లేకపోతే మొక్క ఆహారం చేసుకోలేదు, వాటిని కలిపే శక్తి ఎండ నుంచే రావాలి, ఆ ఎండను పట్టుకొనేది పత్రహరితం' అని చెబుతాడు. ఇప్పుడు అదే రాయమనండి, ఆ తర్వాత పుస్తకం తెరిచి తప్పు లేదని సరిచూసుకోమనండి. చెప్పలేకపోయాడంటే అర్థం కాలేదన్నమాట. అప్పుడు మళ్లీ చదివించాలి గానీ, మళ్లీ రాయించకూడదు.

నోటు పుస్తకంలో పేజీని మూడు నిలువు గడులు చేయించండి. మొదటి గడిలో ఎక్కడిది, ఏ పేజీ, ఏ రోజు చూశాను, రెండో గడిలో పుస్తకం ఏమంటోంది, మూడో గడిలో నాకు ఏమనిపించింది, ఇంకా ఏమి తెలియాలి. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాసిన వాక్యానికి ఆ రోజే ఉద్ధరణ చిహ్నాలు పెట్టించాలి, నెల తర్వాత అది తన మాటో పుస్తకం మాటో పిల్లవాడికే గుర్తుండదు.

సమన్వయకర్త: చివరి కాల్. ఒక ప్రధానోపాధ్యాయుడు.

శ్రోత (ప్రధానోపాధ్యాయుడు): మేడమ్, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి. ఒక్కొక్క తరగతిలో నలభై మంది. పాఠ్యాంశాలు ముగించాలి. ఇవన్నీ ఎప్పుడు చేయించాలి, మార్కులు దేనికి వేయాలి?

నిపుణురాలు: సార్, దీనికి ప్రత్యేకమైన సబ్జెక్టు అవసరం లేదు. ఏడాదికొక పెద్ద ప్రాజెక్టు బదులు, ప్రతి సబ్జెక్టులో చిన్న చిన్న పనులుగా పంచండి. ఆరో తరగతిలో పుస్తకం వెనక అకారాది సూచిక వాడి అయిదు నిమిషాల్లో మూడు జవాబులు పట్టుకోవడం, ఏడులో ప్రశ్నలు పుట్టించడం, ఎనిమిదిలో ఒక్క మాట పుట్టిన చోటు వెతకడం, తొమ్మిదిలో కొలిచి చూడడం, ఆ పైన పొసగని రెండు ఆధారాలను పక్కపక్కన పెట్టి ఎందుకు పొసగలేదో రాయడం. చాలావరకు ఒక పీరియడులో అయ్యే పనులే, కొలిచి చూడడానికి మాత్రం కొన్ని రోజులు పడుతుంది.

మార్కుల మాటకొస్తే, ఇరవై మార్కులు ఉంటే పన్నెండు వచ్చిన దారికి వేయండి. మొదటి ప్రశ్న ఏమిటి, అది ఎలా మారింది, ఏ పదాలతో వెతికితే ఏమీ దొరకలేదు, ఏ రెండు ఆధారాలను వద్దనుకున్నారు, ఎందుకు, ఎక్కడ మనసు మార్చుకున్నారు. ఇవి నోటు పుస్తకంలో ఉంటాయి, వీటిని ఎక్కడి నుంచో ఎత్తి రాయడం కష్టం. ఒక్కొక్కరితో మూడు నిమిషాలు మాట్లాడితే నలభై మందికి రెండు గంటలు పడుతుంది. మిగతావారు తమ పని చేసుకుంటూ ఉండగా నాలుగు పీరియడ్లలో అరగంట చొప్పున అది పూర్తవుతుంది. ముప్పై పేజీల ఫైళ్లు నలభై దిద్దడానికి పట్టే కాలం మీకు నాకన్నా బాగా తెలుసు.

శ్రోత (ప్రధానోపాధ్యాయుడు): మా ఉపాధ్యాయులలో చాలామందికి ఇది కొత్త. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

నిపుణురాలు: తమకు జవాబు తెలియని ప్రశ్నను పిల్లల ఎదుట, పైకి మాట్లాడుతూ వెతకడంతో మొదలుపెట్టమనండి. 'ఈ పదంతో వెతికితే ప్రకటనలే వస్తున్నాయి, కాబట్టి పదం మారుస్తున్నాను, ఈ పేజీ రాసినదెవరో తెలియడం లేదు, కాబట్టి పక్కన పెడుతున్నాను' అని మనసులో అనుకొనేదంతా పిల్లలకు వినబడాలి. దారి తప్పితే తప్పనివ్వాలి.

శ్రోత (ప్రధానోపాధ్యాయుడు): నేనే చేసి చూపిస్తాను మేడమ్. చీమలు నిద్రపోతాయా అని ఆరో తరగతి అమ్మాయి ఒకతె నిన్న నన్ను అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

నిపుణురాలు: చాలా మంచి ప్రశ్న సార్. 'చీమలు నిద్ర' అని ఆ అమ్మాయి చేతనే కొట్టించండి. చీమ నిద్రపోయిందని శాస్త్రవేత్తలు ఎలా గుర్తించారు, ఏమి కొలిచారు అని అడగడానికి తరగతిలో ఎవరు ముందుగా చెయ్యెత్తుతారో చూడండి. ఎవరూ ఎత్తకపోతే మీరు ఎత్తండి.